పారిపోయిన పాలేరు పండుగ

ఆకుపచ్చ రంగు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వరిచేను పచ్చ కాదు, గోంగూర పచ్చ కాదు, చిన్న సీసాల్లో అమ్మే తిండి రంగు. మస్కట్‌లో నేను ఆరేళ్ళు వంట చేసిన ఐర్లాండ్ వాళ్ళింట్లో మార్చి నెల వచ్చిందంటే ఆ సీసాలు వంటింటి గట్టు మీద బారులు తీరేవి. కేకు పచ్చ, బిస్కెట్లు పచ్చ, మెదిపిన బంగాళాదుంప పచ్చ, ఆఖరికి పాపాయి తాగే పాలు కూడా పచ్చ. గోళ్ళ సందుల్లోకి దిగిన ఆ రంగు వారం దాకా వదిలేది కాదు. శుక్రవారం రువీలో చర్చికి, మా మాటలో గుడికి, వెళ్ళి దివ్యసత్ప్రసాదానికి చేతులు చాపితే స్వామిగారు ఒకసారి నా వేళ్ళ వంక, ఒకసారి నా మొహం వంక చూసేవారు.

మేడంకి అది పాట్రిక్ గారి పండుగ. నాకూ అదే పండుగ. కాకపోతే నేను ఆ పునీతుడి పేరున్న గుడి నీడలో పుట్టాను. మాది గోదావరి మెట్ట. మా ముత్తాతల కాలంలో ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక స్వామి మా పేటలో గుడి కట్టించి, తన దేశపు పునీతుడి పేరు పెట్టుకున్నాడట. మార్చి పదిహేడు మాకు గుడి పండుగ. అది ఈస్టరుకు ముందు మాంసం ముట్టని తపస్సు కాలం మధ్యలో పడుతుంది కాబట్టి ఆ ఒక్క రోజుకూ మాంసం తినడానికి మా పీఠాధిపతి, అంటే బిషప్ గారి అనుమతి వచ్చేది. పిల్లలం ఆ కోడికూర కోసమే పునీతుణ్ణి ప్రేమించేవాళ్ళం. పనిలో చేరిన కొత్తలో ఈ సంగతి ఎంతో సంబరంగా మేడంతో చెప్పాను. ఎంత ముద్దుగా ఉందో అని నవ్వి, నా తల మీద అట్టతో చేసిన పచ్చ టోపీ పెట్టి ఫొటో తీసుకుంది.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ మాట ముందే చెప్పకపోతే చదివేవాళ్ళు వాతలూ దెబ్బలూ ఊహించుకుంటారు. నాకు సొంత గది ఉండేది, ఏసీ ఉండేది. శుక్రవారం సెలవు ఇచ్చేవాళ్ళు. గట్టిగా ఒక్క మాట అనలేదు. నువ్వు మా ఇంటి మనిషివి అని వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవాళ్ళు. అయితే నేను చేరిన మొదటి రోజే సార్ నా పాస్‌పోర్టు తీసుకుని తన ఆఫీసు గదిలో లాకర్‌లో పెట్టేశాడు. ఎక్కడైనా పోతుందేమో, ఇక్కడైతే భద్రం అన్నాడు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ఏడాది నిండిన వాళ్ళ బిడ్డను రోజంతా నా చేతుల్లో వదిలి ఇద్దరూ ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు. బిడ్డను అప్పగించడానికి నమ్మకం చాలింది గానీ, నా పుస్తకం నాకు అప్పగించడానికి చాలలేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ ఇంట్లో తెలిసింది.

మా ఆయన నిజ్వాలో ఒక కంపెనీ సైట్ మీద తాపీ మేస్త్రీ. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నాం, ఒకే ఎండలో మాడుతున్నాం, కలుసుకునేది మాత్రం నెలకో శుక్రవారం. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాడు. రువీ పక్కనే హమ్రియాలో మా జిల్లా వాళ్ళ రూమ్ ఒకటి ఉండేది గానీ అందులో ఎనిమిది మంచాలు, ఎనిమిది మంది మగవాళ్ళు. అందుకని కింద టీ హోటల్లో కూర్చునేవాళ్ళం. రెండు టీలు, రెండు పరోటాలు, మళ్ళీ రెండు టీలు. సాయంత్రం బస్సుకు ఆయన, టాక్సీకి నేను. పెళ్ళై పదకొండేళ్ళయినా పిల్లలు లేరేమని ఊళ్ళో మా ఆడబిడ్డ ఫోన్లో వేధించేది. టీ హోటల్లో ఎదురుబదురుగా కూర్చుంటే పిల్లలు పుట్టరని ఆమెకు ఎవరు చెప్పాలి? నాకు ముప్పై ఆరు దాటుతున్నాయి. ఆలస్యం చెయ్యొద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

అలాంటి సమయంలో, జనవరిలో, నిజ్వాలో ఒక స్కూలు హాస్టల్‌కు వంటమనిషి కావాలని మా ఆయనకు కబురు తెలిసింది. మన వంటలు రావాలి. వెనక ఒక గది ఇస్తారు, మొగుడూ పెళ్ళాలు ఉండొచ్చు. మార్చి ఆఖరు దాకా చూస్తాం, ఆ తర్వాత వేరేవాళ్ళను పెట్టుకుంటాం అన్నారు. నాకు కావలసింది రెండే: నన్ను వదిలేస్తున్నట్టు సార్ సంతకం పెట్టిన కాగితం, లాకర్‌లో ఉన్న నా పాస్‌పోర్టు.

జనవరిలో అడిగాను. మేడం చెల్లెలు వస్తోంది, ఆమె వెళ్ళాక చూద్దాం అన్నారు. ఫిబ్రవరిలో అడిగాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, కొంచెం ఆగు అన్నారు. మార్చిలో అడిగితే, పండుగ దగ్గరకొచ్చేసింది కదా, అది అయిపోనీ అన్నారు. ఒక్కసారి కూడా కుదరదు అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. నవ్వుతూ వాయిదా వేసేవాళ్ళతో పోట్లాడటం నాకు చేతకాలేదు. ఆ కోపమంతా చపాతీ పిండి మీద చూపించేదాన్ని.

చెప్పకుండా వచ్చేస్తానని మా ఆయనతో అన్నాను. పారిపోయిన ఆడవాళ్ళ కథలు హమ్రియాలో బోలెడు వినిపిస్తాయి. ఆయన భయపడ్డాడు.

"తొందరపడకే. పారిపోయిందని కేసెట్టేశారంటే ఇంకంతే. ఇద్దరం సంచులు సర్దుకుని ఊరెళ్ళిపోవడమే," అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. నిజమైనందుకే ఇంకా మండింది.

పండుగకు పది రోజుల ముందు పాపాయి వంటింట్లోకి నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. దానికప్పుడు ఏడేళ్ళు. ఈ పండుగ ఎలా మొదలైందో రాసుకు రమ్మని స్కూల్లో చెప్పారట. వాళ్ళమ్మ ఫోన్ చేతికిచ్చి చూసుకోమందట. ఫోన్లో పాములూ, మూడాకుల మొక్కా, కుండెడు బంగారం దాచుకున్న మరుగుజ్జూ కనిపించాయట గానీ, అసలు ఆయన ఎవరో అర్థం కాలేదంది. బంగాళాదుంపలు ఒలుస్తూ నేను చెప్పాను. గుడిలో జ్ఞానోపదేశం క్లాసులో మాకు కంఠతా పట్టించిన కథే.

ముందుగా, ఆయన మీ దేశం వాడే కాదన్నాను. పాపాయి నోరు తెరిచింది. మీ పక్క దేశంలో, సముద్రానికి ఇవతలి ఒడ్డున, కలిగిన ఇంట్లో పుట్టాడు. పదహారేళ్ళప్పుడు మీ దేశపు దొంగలు పడవల్లో వచ్చి ఆయన్ని ఎత్తుకుపోయి అమ్మేశారు. కొన్నవాడు కొండ మీద గొర్రెలు కాయమన్నాడు. ఆరేళ్ళు కాశాడు. చలిలో, వానలో, ఆకలితో, ఎవరి భాషా రాకుండా. అదివరకు పెద్దగా దేవుణ్ణి తలవనివాడు ఆ కొండ మీదే ప్రార్థన నేర్చుకున్నాడు. ఒక రాత్రి కలలో, నీ ఓడ సిద్ధంగా ఉంది పో అన్న మాట వినిపించింది. యజమానికి చెప్పకుండా లేచి నడిచాడు. రోజుల తరబడి నడిచి సముద్రం చేరాడు. ఓడవాళ్ళు మొదట ఎక్కించుకోం పొమ్మన్నారు, తర్వాత ఎక్కించుకున్నారు. ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గురువై, పీఠాధిపతియై, తనంతట తాను మళ్ళీ ఆ దేశం వెళ్ళి క్రీస్తు వేదం బోధించాడు. మార్చి పదిహేడున పోయాడంటారు. జనం ఆ రోజును పవిత్రంగా ఆచరించడం మొదలుపెట్టారు. పండుగ పుట్టింది అక్కడ.

మరి పాములు, అని అడిగింది పాపాయి. మీ దేశంలో పాములు ఎప్పుడూ లేవట, లేని పాముల్ని వెళ్ళగొట్టాడని మీవాళ్ళు గొప్పలు చెప్పుకుంటారని మా స్వామిగారే నవ్వేవారన్నాను. పచ్చ రంగు ఎప్పుడో తర్వాత వచ్చి చేరింది. ఊరేగింపుల్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది పొట్ట చేతపట్టుకుని అమెరికా పట్నాలకు పోయిన ఐర్లాండ్ కూలీజనం. అక్కడ వాళ్ళను ఎవరూ మనుషుల్లో లెక్కకట్టకపోతే, మేమూ ఉన్నామని వీధుల్లో నడిచారు. సొంత దేశంలో మాత్రం చాలాకాలం అది గుడికి వెళ్ళే రోజు. ఆ రోజు సారా కొట్లు మూసేసేవారు.

పాపాయి రాసుకుని వెళ్ళిపోయింది. నేను దుంప ఒలుస్తూ ఆగిపోయాను. చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే గానీ, ఎన్నడూ ఇలా వినలేదు. ఆరేళ్ళు. యజమాని. చెప్పకుండా పోవడం. ఈ లెక్కన పునీతుడు కూడా పారిపోయిన పనివాడే. ఇప్పుడైతే ఆయన మీద కూడా కేసు పెట్టేవాళ్ళు. ఆయన రాసిన వాటిలో మిగిలినవి రెండేనట, అందులో ఒకటి కోపంతో రాసిన ఉత్తరం. తాను జ్ఞానస్నానం ఇచ్చిన మనుషుల్ని పట్టుకుపోయి అమ్ముకున్న సైనికుల్ని అందులో దుమ్మెత్తిపోశాడు. ఆ కోపాన్ని ఎవరూ పండుగ చేసుకోరు. ఆయన్ని కొన్నవాళ్ళ దేశం పచ్చ కేకులు కోసుకుంటోంది, ఆ కేకులకు రంగు కలుపుతున్నది నేను.

పాపాయి రాసింది స్కూల్లో మెచ్చుకున్నారు. మేడం పొంగిపోయింది. పార్టీలో ఆ కథ నువ్వే చెప్పాలి, మా అతిథులు ముచ్చటపడతారంది. వడ్డించే వంటకాల్లో నన్నూ ఒకటి చేసిందన్నమాట. సరేనన్నాను. అప్పటికి నాకు వేరే ఆలోచనేమీ లేదు, ఒట్టు.

ఆ ఏడు పండుగ రంజాన్ నెలలో పడింది. పార్టీ శుక్రవారం సాయంత్రం మసీదులో మగ్రిబ్ బాంగు అయ్యాక పెట్టుకున్నారు. పక్క విల్లాలో ఉండే ఒమానీ పెద్దాయన్నీ పిలిచారు. ఆయన ఖర్జూరం తిని ఉపవాసం విడిచి, కాఫీ గిన్నె పట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. మిగతావాళ్ళు సార్ ఆఫీసు వాళ్ళు, పాతికమంది దాకా ఉంటారు. తలల మీద పచ్చ టోపీలు. మేడం చప్పట్లు కొట్టి అందర్నీ ఆపింది. ఈమె ఆరేళ్ళుగా మా ఇంటి మనిషి, మన పండుగ కథ ఇండియా నుంచి మోసుకొచ్చింది, వినండి అంది.

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పాపాయి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎత్తుకుపోయారు, అమ్మారు, ఆరేళ్ళు, పారిపోయాడు. అందరూ మంచి శ్రద్ధగా విన్నారు. ఆఖర్న మేడం కళ్ళు తుడుచుకుంది. అయినా మనల్ని ఎంత ప్రేమించాడో చూడండి, మళ్ళీ మన దగ్గరికే వచ్చాడు అంది. అందరూ అవునవునంటూ గ్లాసులెత్తారు.

అక్కడ నాకు ఓర్పు తెగింది. 

వెళ్ళనిస్తేనే కదా మేడం తిరిగి వచ్చేది, అన్నాను. ఇంకొకటుంది, మా ఊరి ఆచారం, అది కూడా వినండి అన్నాను.

మా నాన్న పాలేరు. ఉగాదికి ఉగాదికి కుదురుకునే ఏడాది జీతగాడు. మా ఊరి గుడి కట్టించిన స్వామి పెట్టిన ఆచారం ఒకటి మా చిన్నతనం దాకా నడిచింది. పాట్రిక్ గారి పండుగనాడు పూజ అయ్యాక పాలేళ్ళంతా గుడి మెట్ల మీద నిలబడేవారు, ఆసాములు కింద నిలబడేవారు. ఆసాములు మా మతం వాళ్ళు కారు. అయినా వచ్చేవారు, రాకపోతే వచ్చే ఏడు ఆ ఇంటికి పాలేరు దొరకడు. ఒక్కో ఆసామీ తన పాలేరు మొహం చూసి ఊరందరి ముందూ అడగాలి: ఉంటావా, పోతావా? ఉంటానన్నా, పోతానన్నా ఇచ్చే కొత్త కండువా ఒకటే. పోతానన్నవాణ్ణి ఎందుకని అడగకూడదు. మా నాన్న జన్మలో ఒకే ఒక్కసారి పోతానన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఆయన నడక వేరుగా ఉందని మా అమ్మ చెప్పేది. గొర్రెలు కాసి పారిపోయినవాడి పండుగంటే మా పేటలో అర్థం అది.

అందరికీ తెగ నచ్చేసింది. చప్పట్లు కొట్టారు. ఎవరో వెనక నుంచి సార్‌ని, అడుగు అడుగు అని ఎగదోశారు. సార్ నవ్వుతూ ముందుకొచ్చి, నాటకంలో రాజులాగా నడుం మీద చెయ్యి వేసుకుని, ఉంటావా వెళ్తావా అని ఇంగ్లీషులో అడిగాడు.

"వెళ్తాను సార్. నిజ్వాలో మా ఆయన దగ్గరికి వెళ్తాను. మూడు నెలలుగా అడుగుతున్నాను. కాగితం మీద మీరు సంతకం పెట్టాలి. నా పాస్‌పోర్టు మీ లాకర్‌లో ఉంది, అది నాకిచ్చేయాలి."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒమానీ పెద్దాయన కాఫీ గిన్నె కింద పెట్టి, ఈమె పాస్‌పోర్టు నీ దగ్గరుందా అని సార్‌ని మెల్లగా అడిగాడు. భద్రం కోసమే అన్నాడు సార్. అలా ఉంచుకోకూడదు, ఆమె వస్తువు ఆమెకు ఇచ్చేయి అన్నాడు పెద్దాయన. సార్ మొహం జేవురించింది. ఇస్తాను, తప్పకుండా ఇస్తాను, సంతకం కూడా పెడతాను అన్నాడు. ఆ తర్వాత కేకు ఎవరూ సరిగ్గా తినలేదు. మిగిలినదంతా నేనే చెత్తబుట్టలో వేశాను.

మర్నాడు పొద్దున మేడం ఏడ్చింది. అందరి ముందూ మమ్మల్ని రాక్షసుల్ని చేశావు, మాతో విడిగా చెప్పి ఉండొచ్చుగా అంది. విడిగానా? జనవరిలో విడిగా చెప్పాను, ఫిబ్రవరిలో విడిగా చెప్పాను, మార్చిలో విడిగానే చెప్పాను. విడిగా చెప్పినవన్నీ ఆ ఇంటి గోడలు తాగేశాయి. ఈ మాట ఆమెతో అనేశాను. ఆమె ఇంకా ఏడ్చింది. ఓదార్చాల్సిన బాధ్యత కూడా నాదేనేమో అన్నట్టు నా వంక చూసింది. నేను వెళ్ళి గిన్నెలు కడుక్కున్నాను.

పాస్‌పోర్టు ఆ సాయంత్రమే చేతికి వచ్చింది, పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి రెండోసారి అడిగాక. సంతకానికి మాత్రం మెలిక పెట్టారు. కొత్తమనిషి దొరికి, పని నేర్చుకున్న రోజున పెడతామన్నారు. కాగితం లేకుండా పాస్‌పోర్టు ఒక్కటే నన్ను నిజ్వా హాస్టల్లో చేర్చదు. రోజూ వంటింట్లో క్యాలెండర్ చూసుకుంటూ నేను ఎదురుచూశాను. మా ఆయన డ్యూటీ మధ్యలో ఫోన్ చేసి, ఏమైందే అని అడిగేవాడు. హాస్టల్ వాళ్ళు ఇంకొకావిడను కూడా చూసి పెట్టుకున్నారట.

హాస్టల్ గడువు ఇంకా నాలుగు రోజులు ఉందనగా కొత్తమనిషి వచ్చింది. కడప జిల్లా. రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేసి, ఆ పని పోయి వచ్చింది. తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మూడు రోజులు పక్కన నిలబెట్టుకుని అన్నీ నేర్పాను. పాపాయికి ఏం పడదో, స్కూలు బస్సు ఎన్నింటికో, ఏ పొయ్యి సరిగ్గా వెలగదో. రాత్రిళ్ళు రంజాన్ ఉపవాసం విడిచాక నా కథంతా అడిగి తెలుసుకుంది. నాకు మాత్రం ఆమె ముందు సిగ్గుగా ఉండేది. కాడిలోంచి నా మెడ ఊడాలంటే అందులో ఇంకొకరి మెడ దూర్చాలి, ఆ పని నా చేతనే చేయిస్తున్నారు.

నాలుగో రోజు సాయంత్రం సార్ కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. కలం తీశాడు. మేడం వచ్చి కొత్తమనిషి భుజం మీద ప్రేమగా చెయ్యి వేసింది. నువ్వు కూడా ఇక మా ఇంటి మనిషివే అంది. తర్వాత నా వైపు తిరిగి, ఈమె పాస్‌పోర్టు లాకర్‌లో భద్రంగా ఉంచుతామని మీ భాషలో చెప్పు అంది. జరిగినదంతా జరిగాక కూడా. రెండు వారాలు గడిచాయో లేదో. ఆ ముఖంలో కపటం కూడా లేదు, అది ఇంకా దారుణం.

కొత్తమనిషికి పాస్‌పోర్టు అన్న మాట అర్థమైంది. చేతిసంచిలోంచి తీసి పట్టుకుని నా వంక చూసింది.

"వీళ్ళు దాచిపెడతామంటున్నారు. ఇవ్వాల్సిన పని లేదు. ఇవ్వకు," అన్నాను.

ఆమె బల్ల మీద కాగితం వంక చూసింది.

"ఇంగా సంతకం పడలేదు గదక్కా. నేను ఇయ్యకుంటే నీ కాయితం ఆపేస్తారేమో?"

"ఆపితే ఆపనీ. నువ్వు మాత్రం ఇవ్వకు."

ఆమె పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది. ఏం చెప్పావని మేడం అడిగింది. చెప్పినదంతా ఇంగ్లీషులో, ఒక్క మాట తగ్గించకుండా, ఆమె మొహంలోకి చూస్తూ మళ్ళీ చెప్పాను. సార్ కలానికి మూత పెట్టాడు.

నేను కుర్చీ లాగి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆరేళ్ళలో ఆ బల్ల ముందు నేను కూర్చోవడం అదే మొదటిసారి. రాత్రికి వంట లేదని, సంతకం పడేదాకా ఇక్కడి నుంచి లేవనని చెప్పాను.